ఆటో ఫిట్ బ్యాక్‌ప్యాక్ కొన్నారా? సగం పని బ్యాగే చేసుకుంటది, మిగతా సగం మీరెలా చెయ్యాలో చెప్తా

మొదటిసారి ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్ళినప్పుడు, కొండ కింద సాంక్రి ఊళ్ళో ఒక షాపులో 60 లీటర్ల బ్యాగ్ అద్దెకి తీసుకున్నా. షాపతను "ఫ్రీ సైజ్ సార్, అందరికీ సరిపోద్ది" అన్నాడు, నేనూ చీరలాగా బ్యాగ్‌కి కూడా ఫ్రీ సైజ్ ఉంటదేమో అనుకుని భుజాన తగిలించుకుని బయల్దేరా. రెండు గంటలకి ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. చలికి అనుకున్నా. సాయంత్రానికి చెంబు పట్టుకోవడానికి కూడా చెయ్యి రావట్లేదు, అప్పుడు గైడ్ కుర్రాడొకడు వచ్చి ఏం మాట్లాడకుండా నా నడుం బెల్టు ఓ జానెడు పైకి లాగి, భుజాల పట్టీలు వదులు చేసి, ఛాతీ దగ్గర క్లిప్పు కిందకి జరిపి వెళ్ళిపోయాడు. పది నిమిషాల్లో వేళ్ళకి ప్రాణం వచ్చింది. బరువు అదే, బ్యాగ్ అదే, మనిషి అదే.

ఆ దెబ్బతో ఇంటికొచ్చాక "తనంతట తనే సెట్ అయ్యే" బ్యాగుల మీద పడ్డా. రెండు కొన్నా, ఒకటి అమ్మేశా, ఫ్రెండ్స్‌వి ఓ నాలుగైదు వేసుకుని చూశా. ఒక్క విషయం మాత్రం ముందే చెప్పేస్తా, ఎందుకంటే ఇది తెలియకే చాలామంది ఇరవై వేలు పైన పోసి కొనుక్కుని కూడా నడుం నొప్పి అంటున్నారు. ఈ బ్యాగుల్లో ఆటోమేటిక్‌గా సర్దుకునేది *కోణం* మాత్రమే. *పొడవు*, అంటే మీ వీపు పొడవుకి తగ్గట్టు భుజం పట్టీలు ఎంత ఎత్తులో ఉండాలనేది, సర్దుకోదు. అది మీరు పెట్టాలి. పొడవు తప్పు పెడితే కోణం ఎంత సర్దుకున్నా ఉపయోగం లేదు, గుమ్మం పొట్టిగా కట్టి తలుపుకి మంచి బందులు వేసినట్టుంటది.

అసలు ఆటో అంటే ఏంటి ఇందులో

మోటారు, సెన్సారు, యాప్ ఇవేమీ కాదు. 2016లో నైకీ వాడు లేసులు తనే బిగించుకునే షూ తెచ్చాడు కదా, అలాంటి బ్యాటరీ వ్యవహారం అనుకుని వచ్చినవాళ్ళు కొంచెం నిరాశపడతారు. ఇక్కడంతా స్ప్రింగులాంటి ఫ్రేమ్, బిగుతుగా లాగి కట్టిన మెష్ (వలలాంటి బట్ట), తిరిగే బందు, ఇంతే.

కాస్త వెనక్కి వెళ్తే ఎందుకు పుట్టిందో అర్థమవుద్ది. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే ఆయన తన ఇంట్లోనే అల్యూమినియం ఫ్రేమ్ బ్యాగులు తయారు చేసి అమ్మడం మొదలెట్టాడు, బరువుని భుజాల మీంచి తుంటి మీదకి దింపే నడుం బెల్టుని జనానికి అలవాటు చేసింది కూడా ఆయనే. 1967లో గ్రెగ్ లోవ్ ఆ ఫ్రేమ్‌ని బ్యాగ్ లోపలికి పెట్టేశాడు. బరువు తుంటి మీదకి రావడం బాగానే ఉంది కానీ కొత్త తలనొప్పి వచ్చింది. మనం నడిచేటప్పుడు తుంటి ఊరికే ఉండదు, ఒక్కో అడుక్కి ఒక పక్క దిగుద్ది, ముందుకి తిరుగుద్ది, అదే టైములో భుజాలు దానికి వ్యతిరేకంగా తిరుగుతాయి. బ్యాగ్ ఫ్రేమ్ ఏమో కర్రలాగా బిగుసుకుని ఉంటది. అంటే అడుగడుక్కీ మీ నడుముకీ బ్యాగ్‌కీ మధ్య తగాదా. ఆ తగాదా తీర్చడానికి వచ్చినవే ఇవన్నీ.

ఇప్పుడు దొరికేవాటిలో ప్రధానంగా మూడు నాలుగు రకాలు ఉన్నాయి.

గ్రెగరీ అనే కంపెనీ వాళ్ళ బాల్టోరో, ఆడవాళ్ళకైతే దేవా మోడల్, వీటిలో భుజం పట్టీలు, నడుం బెల్టు రెండూ ఒక ఇరుసు మీద తిరుగుతాయి, మీ భుజాల వాలుని బట్టి, తుంటి వాలుని బట్టి కోణం అదే కుదురుకుంటది. దానికి వాళ్ళు పెట్టిన పేరు కూడా ఆటో యాంగిల్ అడ్జస్ట్ అనే. ఆస్ప్రే వాళ్ళ యాంటీ గ్రావిటీ సిస్టమ్ 2015లో వచ్చింది, ఆట్మాస్, ఆరా అనే మోడల్స్‌లో ఉంటది, అందులో ఇరుసు లేదు, వీపు పైనుంచి నడుం బెల్టు దాకా ఒకే మెష్ నులక మంచంలాగా లాగి కట్టి ఉంటది, మీరు లోపలికి దూరితే అది మీ ఒంటి ఆకారం తీసుకుంటది. ఆర్క్‌టెరిక్స్ బోరాలో బెల్టు తిరగడమే కాదు, ఒక పట్టాలాంటి దాని మీద పైకి కిందకి కూడా జారుద్ది. జర్మనీ కంపెనీ డ్యూటర్ వాళ్ళ పెద్ద బ్యాగుల్లో వేరిఫ్లెక్స్ అని నడుం బెల్టు రెక్కలు కదిలే ఏర్పాటు ఉంది.

ఇంకోటి ఉంది, అది వేరే జాతి. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో బయాలజీ ప్రొఫెసర్ లారెన్స్ రోమ్ 2005లో నడక ఊపు నుంచి 7 వాట్ల పైన కరెంటు తీసే బ్యాగ్ చేసి చూపించాడు, ఆ తర్వాత అదే ఆలోచన నుంచి హోవర్‌గ్లైడ్ అనే తేలే బ్యాగ్ వచ్చింది. మీరు పైకి కిందకి ఊగుతుంటే లోపలి సామాను మాత్రం సాగే తాళ్ళ మీద ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటది. చదివినప్పుడు నాకు వెంటనే మా ఊళ్ళో కావడి మోసే తాత గుర్తొచ్చాడు. కావడి బద్ద వెదురుది, నడుస్తుంటే వంగుతూ లేస్తూ ఉంటది, రెండు చివర్ల బిందెల కుదుపు భుజానికి మొత్తం తగలదు. బద్ద బిగుసుగా ఉంటే భుజం కమిలిపోద్ది అని ఆయనకి ఏ యూనివర్సిటీ చెప్పకుండానే తెలుసు. సరే, ఈ హోవర్‌గ్లైడ్ మనకి ఇక్కడ దొరికేది కాదు, పైగా ఆ పట్టాలూ సాగే తాళ్ళ వల్ల బ్యాగ్ సొంత బరువు ఎక్కువ, కాబట్టి దాని గురించి ఇంతటితో ఆపుతా.

స్టెప్ 1: షాపుకి ముందే ఇంట్లో వీపు కొలవండి

మీ హైట్‌తో పని లేదు. నేను 5 అడుగుల 5 అంగుళాలు, మా బావమరిది 5 అడుగుల 10. వాడి కాళ్ళు పొడవు, వీపు పొట్టి. కొలిస్తే ఇద్దరిదీ ఒకటే సైజు వచ్చింది, వాడు నమ్మక మూడుసార్లు కొలిపించుకున్నాడు.

కుట్టు టేపు తీసుకోండి, ఇంకో మనిషి సాయం కావాలి, ఒక్కరే చేసుకుంటే తప్పు వస్తది. తల ముందుకి వంచితే మెడ కింద వెనకాల ఒక ఎముక గుబ్బలాగా పైకి లేస్తది, వేలితో తడిమితే తెలిసిపోద్ది. అది పై గుర్తు. కింది గుర్తు కోసం తుంటి ఎముక పై అంచు కావాలి. ఇది ఎక్కడుందో చాలామందికి తెలీదు, మొలతాడు ఉండే చోటు అనుకుంటారు, దానికన్నా పైన. అమ్మలు బిడ్డని చంకనెత్తుకుంటే బిడ్డ కూర్చునే అరుగు లాంటి ఎముక ఉంటది చూడండి, అదే. దేవుడు బరువు మొయ్యడానికే పెట్టాడా అన్నట్టు ఉంటది అది. రెండు చేతులు నడుం మీద పెట్టి ఆ అంచు పట్టుకుని, బొటనవేళ్ళు వెనక్కి పెడితే, ఆ రెండు బొటనవేళ్ళ మధ్య వెన్నెముక మీద ఒక గీత ఊహించుకోండి. పై గుబ్బ నుంచి ఆ గీత దాకా, వీపు వంపుని అనుసరిస్తూ టేపు పెట్టాలి. తల వంచింది గుబ్బ దొరికేదాకే, కొలిచేటప్పుడు నిటారుగా నిలబడండి.

సుమారుగా చెప్పాలంటే 41 నుంచి 46 సెంటీమీటర్ల మధ్య వస్తే చాలా కంపెనీల్లో స్మాల్, 46 నుంచి 51 అయితే మీడియం, ఆ పైన లార్జ్. కంపెనీ కంపెనీకి తేడా ఉంటది కాబట్టి వాళ్ళ చార్ట్ చూడండి. రెండు సైజుల మధ్యన పడితే? నేనైతే రెండూ వేసుకుని చూడకుండా కొనను, ఆన్‌లైన్‌లో కొనక తప్పకపోతే వాపసు తీసుకుంటారో లేదో ముందు చూసుకోండి, ట్యాగులు కొయ్యకండి.

నడుం చుట్టుకొలత కూడా ఆ తుంటి అంచు చుట్టూనే కొలవాలి. ప్యాంటు సైజు చెప్పకండి. పొట్ట ఉన్నవాళ్ళకి (నాకుంది, సిగ్గేం లేదు) ప్యాంటు పొట్ట కింద కట్టడం అలవాటు కాబట్టి ఆ నంబరుకీ దీనికీ పొంతనే ఉండదు.

స్టెప్ 2: అన్నీ వదులు చేసి, బియ్యం నింపండి

ఖాళీ బ్యాగ్ వేసుకుని అద్దం ముందు నిలబడి "సూపర్‌గా ఉంది" అనుకునేవాళ్ళని చూస్తే నవ్వొస్తది. ఖాళీ బ్యాగ్ ఎవరికైనా బాగానే ఉంటది. బరువు పెడితేనే మెష్ సాగుద్ది, ఇరుసు తిరుగుద్ది, ఫ్రేమ్ వంగుద్ది. 8 నుంచి 10 కిలోలు పెట్టండి. నేను వాడేది 5 కిలోల సోనా మసూరి బ్యాగొకటి, మూడు కిలో కందిపప్పు ప్యాకెట్లు, లీటరు నీళ్ళ బాటిల్ ఒకటి. అడుగున మడత దుప్పటి కుక్కి, దాని మీద బియ్యం, అదీ వీపుకి ఆనుకుని ఉండేలా. షాపులో అయితే డెకాథ్లాన్ లాంటి చోట ఇసక సంచులు ఏమన్నా ఉన్నాయా అని అడగండి, లేకపోతే డంబెల్స్ టవల్‌లో చుట్టి పెట్టుకోవచ్చు, ఎవరన్నా వింతగా చూస్తే చూడనీండి.

తర్వాత ఉన్న ప్రతి పట్టీ పూర్తిగా వదులు చెయ్యండి. భుజాలవి, వాటి పైన చిన్నవి, నడుం బెల్టువి, బెల్టు పక్కన బ్యాగ్‌కి కలిపే బుల్లి పట్టీలు కూడా. ఆ బుల్లి పట్టీల గురించి తర్వాత విడిగా చెప్తా, అసలు గుట్టు అక్కడే ఉంది.

స్టెప్ 3: పొడవు సెట్ చెయ్యడం

ఇది బ్యాగ్ చెయ్యదు అన్నాను కదా. భుజం పట్టీలు వీపు మీద కలిసే ప్లేటు పైకి కిందకి జరుపుకునేలా ఉంటది. కొన్నిట్లో వెల్క్రో, కొన్నిట్లో నిచ్చెన మెట్లలాగా గాళ్ళు. మీ కొలత బట్టి పెట్టండి. వెల్క్రో అయితే చెయ్యి మొత్తం లోపలికి పెట్టి పరపరమని విప్పాలి, కొత్తలో చాలా గట్టిగా ఉంటది, స్టీలు స్కేలు దూరిస్తే ఈజీగా వస్తది. రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూడండి. ఒక పక్క ఒక గాడి తేడా వచ్చినా బ్యాగ్ ఒరిగిపోద్ది, మీరేమో "నా భుజాలే వంకరేమో" అని డాక్టర్ దగ్గరికెళ్తారు.

స్టెప్ 4: తొడుక్కోవడం, ముందు నడుం

ఎప్పుడూ నడుం నుంచి పైకి రావాలి. కింద నుంచి పైకి, లోపలి నుంచి బయటకి, ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

కొంచెం ముందుకి వంగి బ్యాగ్‌ని వీపు మీద పైకి ఎగదోసి, బెల్టు మధ్యభాగం ఆ తుంటి అంచు మీద సరిగ్గా కూర్చునేలా పెట్టండి, అంటే బెల్టులో సగం ఎముకకి పైన, సగం కింద. బెల్టు పొట్ట మీద బిగిస్తే ఊపిరాడదు, తిన్నది పైకొస్తది. మరీ కిందకి జారితే తొడ ఎత్తినప్పుడల్లా తగులుద్ది. పొట్ట ఉన్నవాళ్ళకి ముందు క్లిప్పు పొట్ట కింద అంచులోకి కొంచెం వాలుద్ది, పక్కల ఎముక మీదే ఉన్నంతకాలం పర్లేదు. మామూలు బెల్టులు ఇక్కడే ఫెయిలవుతాయి, ఆ వాలుకి అవి రావు, పై అంచు గుచ్చుకుంటది. ఇరుసున్న బెల్టు అయితే ముందుకి దానంతట అదే వంగుద్ది. నిజంగా డబ్బులు పెట్టినందుకు ఫలితం కనపడేది ఇక్కడ.

ఆస్ప్రే యాంటీ గ్రావిటీ రకం వేసుకునేటప్పుడు ఒక చిన్న చిక్కుంది. దాని బెల్టు రెక్కలు ముందే లోపలికి వంగి ఉంటాయి. రెండు చేతులతో తలుపు రెక్కలు తెరిచినట్టు తెరిచి, నడుం లోపలికి పెట్టి వదిలెయ్యాలి. క్లిప్పు పెట్టకముందే అది వచ్చి పట్టేసుకుంటది, మొదటిసారి మా ఆవిడ వేసుకుని "ఎవరో వెనకనుంచి వాటేసుకున్నట్టుందండీ" అంది. తెరవకుండా బలంగా దూరితే రెక్క మడతపడి లోపల ఉండిపోద్ది, చాలామంది చేసే తప్పు అదే.

బెల్టు బిగించాక రెండు పక్కల మెత్తటి భాగాల మధ్య ముందు ఒక నాలుగైదు వేళ్ళ ఖాళీ మిగలాలి. రెండూ వచ్చి ఒకదానికొకటి తగులుతుంటే బెల్టు మీకు పెద్దది, ఇంక బిగించడానికి చోటు లేదు. కొన్ని ఆస్ప్రే మోడల్స్‌లో మెత్తటి భాగమే ముందుకి వెనక్కి జారుద్ది, అది వాడుకోండి. ఇంకోటి, లోపల తోలు బెల్టు పెట్టుకోకండి, జేబులో తాళాలు ఉంచకండి, పది కిలోల బరువు ఆ తాళం చెవిని ఎముకలోకి దించుతుంటే ఏ ఆటో సిస్టమూ కాపాడదు. నాడా ఉన్న ట్రాక్ ప్యాంటు బెస్ట్.

స్టెప్ 5: భుజాలు, పైన చిన్న పట్టీలు, ఛాతీ క్లిప్పు

ఇప్పుడు భుజం పట్టీలు కిందకి, వెనక్కి లాగండి, బలంగా కాదు, పట్టీ భుజానికి ఆనేదాకా అంతే. బరువులో ముప్పావు వంతు దాకా నడుం మీదే ఉండాలి, భుజాల పని బ్యాగ్ వెనక్కి పడకుండా పట్టుకోవడం మాత్రమే. చూసే పద్ధతి తేలిక. పట్టీ కిందకి బొటనవేలు దూర్చండి, కొంచెం కష్టంగానైనా దూరాలి.

పక్కనుంచి ఎవరినైనా ఫోటో తియ్యమనండి. భుజం పట్టీ భుజాన్ని చుట్టుకుని వీపు వెనక భుజం ఎముక మధ్యలోకి దిగి బ్యాగ్‌లో కలవాలి, మధ్యలో గాలి ఆడే సందు ఉండకూడదు. సందు ఉంటే పొడవు ఎక్కువ పెట్టారు, ప్లేటు కిందకి దింపండి. పట్టీ భుజాన్ని పైనుంచి నొక్కుతుంటే పొడవు తక్కువైంది, పైకి లేపండి. భుజాల పైనుంచి బ్యాగ్‌కి వెళ్ళే చిన్న పట్టీలు సుమారు 45 డిగ్రీల వాలులో పైకి పోవాలి. అడ్డంగా, నేలకి సమానంగా ఉంటే అవి ఉన్నా లేనట్టే. వీటిని బలంగా లాగితే భుజం పట్టీ పైకి లేచి సందు వచ్చేస్తది, కొంచెం బిగిస్తే చాలు.

ఛాతీ క్లిప్పు కాలర్ ఎముకకి ఒక రెండు మూడు వేళ్ళ కింద. నాకు కేదార్‌కంఠలో వేళ్ళు తిమ్మిరెక్కింది దీనివల్లే, క్లిప్పు పైన మెడ దగ్గర బిగించి ఉంది, పట్టీలు చంక ముందున్న నరాల్ని నొక్కేశాయి. ఆడవాళ్ళకి మామూలు బ్యాగుల్లో పట్టీలు ఛాతీ మీద అడ్డంగా పడి ఇబ్బంది, అందుకే ఆరా, దేవా, డ్యూటర్‌లో ఎస్ఎల్ అని ఉండేవాటిలో పట్టీలు ఎస్ ఆకారంలో వంపు తిరిగి ఉంటాయి. అలాగని అవి ఆడవాళ్ళకే అని రూలేం లేదు, భుజాలు సన్నగా, వీపు పొట్టిగా ఉన్న మగవాళ్ళకి అవే బాగా నప్పుతాయి. నా ఫ్రెండొకడు ఊదారంగు దేవా వేసుకుని తిరుగుతాడు, వాడికి నడుం నొప్పి లేదు, వెక్కిరించేవాళ్ళకి ఉంది.

స్టెప్ 6: ఆటో నిజంగా పనిచేస్తోందా?

ఇది ఎవరూ చెయ్యరు, నాకు చాలా చిరాకు. కారు కొంటే బ్రేకు చూస్తాం కదా.

బరువుతో నిలబడి ఒక కాలు కుర్చీ మీద పెట్టండి. బెల్టు ఆ పక్క తుంటితో పాటు పైకి లేవాలి, కానీ బ్యాగ్ నెత్తి భాగం మాత్రం అటు ఒరగకూడదు. ఇంకొకళ్ళని వెనక నిలబెట్టి ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తియ్యమని పది అడుగులు నడవండి. బెల్టు అటూ ఇటూ తూగుతూ, బ్యాగ్ దాదాపు నిటారుగా ఉంటే సిస్టమ్ పనిచేస్తున్నట్టు. బ్యాగ్ మొత్తం గోడగడియారం లోలకంలాగా ఊగుతుంటే ఎక్కడో బిగుసుకుపోయింది.

ఎక్కడంటే, ఇందాక తర్వాత చెప్తా అన్న బుల్లి పట్టీలు. నడుం బెల్టు రెక్కల నుంచి బ్యాగ్ అడుగు మూలలకి వెళ్ళేవి. వాటిని మనవాళ్ళు "అన్నీ బిగించాలి కదా" అని పళ్ళు కొరుకుతూ లాగేస్తారు, దాంతో వేలకి వేలు పోసి కొన్న ఇరుసు కాస్తా తాళం పడిపోద్ది, ఆటో బ్యాగ్ మామూలు బ్యాగ్ అయిపోద్ది. మామూలు దారిలో వీటిని వదులుగా, వేలాడకుండా ఉంచితే చాలు. రాళ్ళ మీద, మంచులో దిగేటప్పుడు, ఒక పక్కకి తూలితే ప్రమాదం ఉన్న చోట మాత్రం బిగించుకోండి, అక్కడ బ్యాగ్ ఒంటికి అతుక్కుని ఉండటమే మంచిది. దాటాక మళ్ళీ వదలండి. నేను నా మొదటి బ్యాగ్ ఏడాది పాటు ఇలా తాళం వేసుకునే మోశా, "ఏముంది దీన్లో గొప్ప" అని అమ్మేశా కూడా. కొన్నవాడు ఇప్పటికీ దాన్ని పొగుడుతుంటాడు.

రెండో కారణం సామాను కుక్కడం. బ్యాగ్ పీపాలాగా ఉబ్బేలా కుక్కితే వీపు వైపు కూడా ఉబ్బి మెష్‌ని తోసేస్తది, ఫ్రేమ్ వంపు పోద్ది, గాలి ఆడే సందు పోద్ది. మెష్ ఉన్న బ్యాగుల్లో సామాను ఎలాగూ వీపుకి కొంచెం ఎడంగా ఉంటది కాబట్టి బరువైనవి (నీళ్ళు, తిండి, టెంటు) మధ్యలో, లోపలి వైపు ఫ్రేమ్‌కి ఆనించి పెట్టడం ఇంకా ముఖ్యం. స్లీపింగ్ బ్యాగ్ అడుగున, బట్టలు బయటి వైపు, రెయిన్ కోటు అన్నిటికన్నా పైన. ఆవకాయ సీసా వద్దు, ప్యాకెట్‌లో వేసుకోండి, సీసా పగిలి స్లీపింగ్ బ్యాగ్‌కి పట్టిన నూనె గురించి ఇక్కడ రాస్తే ఇంకో గైడ్ అవుద్ది.

స్టెప్ 7: మెట్ల మీద అరగంట, తర్వాత దారిలో

ఇంట్లో అద్దం ముందు పది నిమిషాలు చాలదు. అపార్ట్‌మెంట్ మెట్లు అరగంట ఎక్కి దిగండి. లిఫ్ట్ పాడయిందా అని వాచ్‌మన్ అడుగుతాడు, నవ్వి ఊరుకోండి. అలిపిరి మెట్లు దగ్గరున్నవాళ్ళకి అదృష్టం, 3,550 మెట్లు, నేను ఓసారి సామాను కింద కౌంటర్లో ఇవ్వకుండా 7 కిలోలు మోసుకుంటూ ఎక్కా. మోకాళ్ళ పర్వతం దగ్గర నిలువు మెట్ల మీద తొడ పైకి లేచినప్పుడల్లా బెల్టు కింది అంచు తగలడం అక్కడే తెలిసింది. ఇంట్లో ఎన్నిసార్లు వేసుకున్నా అది బయటపడలేదు. వేలెడు పైకి జరిపా, పోయింది.

మొత్తం బరువు మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోండి, అలవాటైనవాళ్ళు నాలుగో వంతు దాకా. 65 కిలోల మనిషికి 13 కిలోలు. మన పిల్లల స్కూలు బ్యాగులకి 2020 పాలసీలో ఒంటి బరువులో పదో వంతు అని పెట్టారు, మా పెద్దమ్మాయి బ్యాగ్ ఓసారి తూకం వేసి చూశా, ఆ సంగతి ఇక్కడొద్దు.

దారిలో గంటకోసారి పట్టీలు ముట్టుకోవాలి. ఆటో కదా అని వదిలెయ్యకండి. చెమటకి, నడకకి బెల్టు కొంచెం కొంచెం జారుద్ది, లోపల నీళ్ళు తాగేసరికి బరువు మారుద్ది, మధ్యాహ్నం జాకెట్ తీసేస్తే నడుం చుట్టుకొలతే తగ్గిపోద్ది. ఎక్కేటప్పుడు పైన చిన్న పట్టీలు కొంచెం వదిలి, దిగేటప్పుడు కొంచెం బిగించండి. నేనింకో పని చేస్తా, అప్పుడప్పుడూ భుజం పట్టీలు ఒక అయిదు నిమిషాలు బాగా వదిలేసి బరువంతా నడుం మీద పెట్టి నడుస్తా, తర్వాత నడుం కొంచెం వదిలి భుజాల మీద. కూలీలు మూట భుజం మార్చుకున్నట్టే.

ఎక్కడ నొప్పో చెప్తే కారణం చెప్తా

వేళ్ళు తిమ్మిరి వస్తే ఛాతీ క్లిప్పు, భుజం పట్టీలు వదలండి, బెల్టు పైకి లేపండి. తొడ బయటి వైపు మొద్దుబారినట్టు, చీమలు పాకినట్టు ఉంటే బెల్టు మరీ బిగించారు, లేదా మరీ కింద కట్టారు. తుంటి ఎముక మీద చర్మం కమిలితే ఎక్కువసార్లు బెల్టు *వదులుగా* ఉండి రాసుకుంటోందని, జనం ఇంకా వదులు చేస్తారు, ఇంకా రాసుకుంటది. మెడ పక్కన పట్టీ కోస్తుంటే ఛాతీ క్లిప్పు వదులు చేసి చూడండి, తగ్గకపోతే ఆ పట్టీల వెడల్పు మీకు పడదు, బ్యాగ్ మార్చాల్సిందే. నడుం మధ్యలో, వెన్ను దగ్గర నొక్కుతుంటే లోపల ఏదో గట్టి వస్తువు ఫ్రేమ్‌కి ఆనుకుని ఉంది, ముందు అది చూడండి, నాకు రెండుసార్లు అది టార్చి లైటే. బ్యాగ్ వేసుకోనప్పుడు కూడా తిమ్మిరి, నొప్పి పోకపోతే అది బ్యాగ్ విషయం కాదు, డాక్టర్‌కి చూపించుకోండి.

స్టెప్ 8: ఇద్దరు వాడితే, ఇంకా దాచడం

ఈ బ్యాగుల అసలు లాభం నా లెక్కలో ఇదే, ఒక బ్యాగ్ ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడుకోవచ్చు. మా ఆవిడ తుంటి వాలు వేరు, నా పొట్ట వేరు, బెల్టు ఎవరికి తగ్గట్టు వాళ్ళకి తిరుగుద్ది. కానీ పొడవు ప్లేటు మాత్రం ప్రతిసారీ మార్చాలి. అందుకే ఎవరి పొడవు దగ్గర వాళ్ళ రంగు దారం కుట్టుకోండి, లేకపోతే ట్రెక్ పొద్దున నాలుగింటికి చీకట్లో టార్చి పట్టుకుని గాళ్ళు లెక్కపెట్టాల్సి వస్తది.

ఉతకడం వాషింగ్ మెషీన్‌లో వద్దు, మెష్ వదులైతే మళ్ళీ బిగుతు రాదు, ఇరుసు దగ్గర సర్ఫ్ పేరుకుంటది. టబ్బులో గోరువెచ్చని నీళ్ళు, తేలికపాటి సబ్బు, మెత్తటి బ్రష్. చెమట ఉప్పు పట్టేది బెల్టుకీ పట్టీలకీ కాబట్టి అక్కడ బాగా రుద్దండి. నీడలో తలకిందులుగా ఆరబెట్టాలి, మన ఎండకి రంగూ పోద్ది బట్టా పెళుసెక్కుద్ది. ఇరుసు కిర్రుమంటుంటే ఇసక దూరింది, పొడి టూత్‌బ్రష్‌తో దులిపితే చాలు, కొబ్బరినూనె పొయ్యకండి, నేను పోశా, ఇసక ఇంకా అతుక్కుంది.

వానాకాలంలో అటక మీద పెడితే బూజు గ్యారంటీ. ముందు ప్రతి జిప్పూ తెరిచి చూడండి, లోపల చిక్కీ ముక్క గానీ బిస్కెట్ పొడి గానీ మిగిలితే ఎలుకలు జిప్పు తియ్యవు, బెల్టు మెత్తటి వైపు నుంచి దారి చేసుకుంటాయి. పట్టీలన్నీ వదిలేసి, బరువేమీ మీద పెట్టకుండా, నెత్తి మీదున్న కొక్కేనికి తగిలించి బీరువా పక్కన వేలాడదీయండి. మళ్ళీ తీసేటప్పుడు మీ రంగు దారం దగ్గరే ప్లేటు ఉందో లేదో చూసుకోండి, మా ఇంట్లో ఎప్పుడూ వేరేవాళ్ళ దారం దగ్గరే ఉంటది.